చీకటి ఏ ఆకారంలో ఉంది?



ముందు ఒక ఫొటో సంగతి చెబుతాను. దోహాలో బతుకమ్మ పండుగ. శుక్రవారం సాయంత్రం. ఒక హాల్లో నలభై మంది దాకా ఆడవాళ్ళు, అందరూ పట్టుచీరల్లో. ముందు పిల్లలు నేల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు బతుకమ్మలు. బంతి, చామంతి కొన్నవి. తంగేడు, గునుగు చేతికి అందలేదు. వాటి చోట రంగు కాగితాలతో చేసిన పూలు. రాత్రి రెండింటి దాకా మేలుకుని పేర్చామని చెప్పారు.

కెమెరా నా చేతిలో ఉంది. ఫ్లాష్ పక్కన స్టాండు మీద ఉంది. నాలుగు ఫొటోలు తీశాను. అందరూ నవ్వారు. పని అయిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే గుండె జారిపోయింది. పైన ముఖాలు చక్కగా ఉన్నాయి. చీరల జరీ మెరుస్తోంది. కింద మాత్రం నల్లటి పట్టీ. ఈ చివర నుంచి ఆ చివర దాకా, స్కేలు పెట్టి గీసినట్టు. పిల్లలు సగం ఆ నలుపులో కలిసిపోయారు. బతుకమ్మలు ఒక్కటీ కనబడలేదు. మర్నాడు ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, ఫొటో మంచిగొచ్చింది గని, మా బతుకమ్మ యాడవోయింది?" అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తప్పు నాదేనని తెలుసు. ఏం తప్పు చేశానో మాత్రం తెలియలేదు.

అది వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఇవాళ మీతో పంచుకుంటున్నాను. ఇక్కడ దోహాలో మనవాళ్ళలో చాలామందికి కెమెరా ఉంది. పైన పెట్టే ఫ్లాష్ కూడా ఉంది. ఉగాదికి, సంక్రాంతికి, పిల్లల పుట్టినరోజులకు ఆ కెమెరానే దిక్కు. ఆ ఫొటోలే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు వెళతాయి. మనవడి మొహం సగం చీకట్లో ఉంటే అక్కడ వాళ్ళకు ఎంత వెలితి! అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించదు.

చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో వెలుగు సమంగా పడలేదా? వెంటనే ఫ్లాష్ పాడైందనుకోకండి. కొత్తది కొనడానికి పరిగెత్తకండి. ముందు ఆ చీకటి ఏ ఆకారంలో ఉందో చూడండి. వెనకటికి మన పెద్దవాళ్ళు పిల్లాడి ఒంటి మీద పొక్కులు చూసి, ఇది తట్టు, ఇది ఆటలమ్మ అని చెప్పేసేవారు. పొక్కు తీరును బట్టి జబ్బును పోల్చుకునేవారు. ఫొటోలో చీకటి కూడా అలాంటిదే. దాని ఆకారాన్ని బట్టే కారణం తెలుస్తుంది.

మొదట నా ఫొటోలో వచ్చిన చీకటి సంగతి. గీత గీసినట్టు తిన్నగా ఉండే చీకటి.

ఒక్కసారి ఇలా ఊహించుకోండి. రాత్రిపూట రైల్వే గేటు దగ్గర నిలబడ్డారు. గూడ్సు బండి పోతోంది. బండికి అవతల మీ ఊరి చెరువు గట్టు. ఉన్నట్టుండి మెరుపు మెరిసింది. ఆ క్షణంలో మీకు ఏం కనబడుతుంది? రెండు పెట్టెల మధ్య సందులోంచి ఎంత కనబడితే అంతే. మెరుపు గట్టంతా వెలిగించింది. మీకు మాత్రం ఆ సందు మేరకే అందింది. మిగతాదంతా పెట్టెల చాటున ఉండిపోయింది.

కెమెరాలో షట్టర్ సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. అందులో రెండు తెరలు ఉంటాయి. మొదటి తెర తప్పుకుని సెన్సర్‌ను తెరుస్తుంది. రెండో తెర దాని వెనకాలే వచ్చి మూస్తుంది. షట్టర్ స్పీడు తక్కువగా ఉందనుకోండి. అంటే సెకనులో 60వ వంతు, 125వ వంతు. అప్పుడు మొదటి తెర పూర్తిగా తప్పుకుంటుంది. రెండో తెర ఇంకా బయల్దేరదు. ఆ కాసేపు సెన్సర్ మొత్తం తెరుచుకుని ఉంటుంది. ఫ్లాష్ సరిగ్గా అప్పుడు మెరుస్తుంది. ఫొటో అంతా వెలుగు పడుతుంది.

స్పీడు బాగా పెంచారనుకోండి. మొదటి తెర దారిలో ఉండగానే రెండో తెర బయల్దేరిపోతుంది. రెండింటి మధ్య ఒక సందు మాత్రమే మిగులుతుంది. గూడ్సు పెట్టెల మధ్య సందులాగా. ఆ సందే సెన్సర్ మీదుగా జరిగిపోతుంది. ఫ్లాష్ మెరుపు మరీ చిన్నది. నిండు బలంతో వెలిగినా సుమారు సెకనులో వెయ్యో వంతు. బలం తగ్గించే కొద్దీ ఇంకా చిన్నది. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ ఇలాంటి మెరుపుతోనే, పాల చుక్క పడి కిరీటంలా పైకి లేచే క్షణాన్ని 1957లో రంగుల్లో పట్టుకున్నాడు. అంత చిన్న మెరుపు వచ్చిన క్షణంలో సందు ఎక్కడుంటే అక్కడే వెలుగు. తెర చాటున ఉన్న మేర చీకటి.

ప్రతి కెమెరాకూ ఒక హద్దు ఉంటుంది. దాన్ని సింక్ స్పీడు అంటారు. చాలా కెమెరాల్లో అది 200 లేదా 250, అంటే సెకనులో అన్నో వంతు. మీ కెమెరా పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. అది దాటితే పట్టీ వస్తుంది.

మరి పట్టీ కిందే ఎందుకొచ్చింది? లెన్సు వెనక బొమ్మ తలకిందులుగా పడుతుంది. తెరలు పైనుంచి కిందికి దిగుతాయి. రెండో తెర ముందుగా కప్పేది సెన్సర్ పైభాగాన్ని. ఫొటోలో చూస్తే అది కింది భాగం. కెమెరా అడ్డంగా పట్టుకుంటే పట్టీ కింద వస్తుంది. నిలువుగా పట్టుకుంటే పక్కకు వస్తుంది. నేను అడ్డంగా పట్టుకున్నాను. కిందే బతుకమ్మలు ఉన్నాయి.

ఆ రోజు నా షట్టర్ స్పీడు 320. నా కెమెరా హద్దు 200. మధ్యాహ్నం బయట ఎండలో పిల్లల్ని తీశాను. ఆ స్పీడు మార్చకుండానే హాల్లోకి వచ్చాను. కెమెరా నన్ను ఎందుకు ఆపలేదని మీరు అడగవచ్చు. కెమెరాకు తగిన ఫ్లాష్‌ను నేరుగా పైన బిగిస్తే, కెమెరా దాన్ని గుర్తుపడుతుంది. మామూలు పద్ధతిలో ఉంటే హద్దు దాటనివ్వదు. నేను వాడింది మధ్యలో ఒకే ఒక్క పిన్ను ఉన్న చవక రేడియో ట్రిగ్గర్. ఫ్లాష్ ఉందన్న సంగతే కెమెరాకు తెలియలేదు. ఇలాంటి ట్రిగ్గర్ మీ దగ్గర ఉంటే ఇంకో జాగ్రత్త కూడా తీసుకోండి. కబురు ట్రిగ్గర్ నుంచి ఫ్లాష్‌కు చేరేసరికి కాస్త ఆలస్యం కావచ్చు. అందుకని హద్దు కన్నా ఒక మెట్టు దిగండి. 160 లేదా 125 పెట్టుకోండి.

ఖతార్‌లో ఈ పొరపాటు జరగడానికి మరో కారణం ఎండ. సముద్రపు ఒడ్డున కతారాలోనో, కార్నిష్ మీదో పిల్లల్ని నిలబెడతాం. వెనక సముద్రం, ఎత్తైన భవనాలు. ఎండ నడినెత్తిన. కళ్ళ కింద నీడలు పడతాయి. ఆ నీడ పోగొట్టడానికి ఫ్లాష్ వేస్తాం. వెనక మసకగా రావాలని అపర్చర్ 2.8కి తెరుస్తాం. అంత ఎండలో, ఐఎస్‌ఓ 100లో, షట్టర్ స్పీడు 3200 దాకా పోవాలి. హద్దు 200. అప్పుడేం చేయాలి? ఒక దారి, అపర్చర్ 11కి మూసి, స్పీడు 200కి దించడం. ఇంకో దారి హై స్పీడ్ సింక్. ఆ సదుపాయం ఉన్న ఫ్లాష్ ఒక్క మెరుపు మెరవదు. సందు సెన్సర్ మీద జరిగినంతసేపూ గబగబా చిన్న చిన్న మెరుపులు ఇస్తూనే ఉంటుంది. గూడ్సు బండి పోయినంతసేపూ మెరుపులు ఆగకుండా వస్తే గట్టంతా ముక్కముక్కలుగా కనబడుతుంది కదా, అలాగ. అయితే బలం బాగా తగ్గుతుంది. ఫ్లాష్‌ను మనిషికి దగ్గరగా పెట్టుకోవాలి.

తిన్నని చీకటిలోనే ఇంకో రకం ఉంది. ఒక్క పట్టీ కాదు. జంపఖానా చారల్లా వరసగా చాలా పట్టీలు. ఫ్లాష్ ఆపేసి తీసినా ఆ చారలు పోవు. అది ఫ్లాష్ తప్పు కాదు. హాల్లో ఎల్‌ఈడీ లైట్ల పని. ఇక్కడి కరెంటు ఇండియాలో లాగే 50 సైకిళ్ళది. కొన్ని రకాల లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. స్పీడు 100కో, 50కో దించి చూడండి. కెమెరాలో శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుని ఉంటే, అది తీసేసి మామూలు షట్టర్ పెట్టండి. చాలా కెమెరాల్లో ఆ షట్టర్‌తో ఫ్లాష్ అసలు వెలగనే వెలగదు.

ఇక రెండో ఆకారం. గుండ్రంగా ఉండే చీకటి. ఫొటో మధ్యలో వెలుగు, నాలుగు మూలలా చీకటి. బావిలోకి టార్చి వేసి చూసినట్టు.

పెరట్లో మొక్కలకు పైపుతో నీళ్ళు పడతాం. పైపు మూతి దగ్గర బొటనవేలు పెట్టి నొక్కితే నీళ్ళు విచ్చుకుంటాయి. పాదులన్నీ తడుస్తాయి. వేలు తీసేస్తే నీళ్ళు ఒకే చోట పడతాయి. ఫ్లాష్ తలకాయలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. లోపల బల్బు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 24 అని చూపిస్తే వెలుగు వెడల్పుగా విచ్చుకుంటుంది. 105 అని చూపిస్తే సన్నగా దూరం పోతుంది. మీ లెన్సు 24 దగ్గర ఉండి, ఫ్లాష్ 105 దగ్గర ఉండిపోతే, మధ్యలో నిలబడ్డ ఇద్దరికే వెలుగు. అంచుల్లో ఉన్న పెదనాన్నా, అత్తయ్యా చీకట్లో ఉండిపోతారు. ఫ్లాష్ కెమెరా పైన ఉన్నప్పుడు ఈ జూమ్‌ను చాలావరకు అదే సరిచేసుకుంటుంది. స్టాండు మీదకు వెళ్ళిందంటే దానికి లెన్సు సంగతి తెలియదు. మనమే నొక్కి దించాలి. మరీ వెడల్పు లెన్సయితే, ఫ్లాష్ మూతిలోంచి బయటికి లాగే పలచటి ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాన్ని లాగి ముందుకు వాల్చండి.

గుండ్రటి చీకటి నాలుగు మూలలా కాకుండా కింది అంచున, అర్ధచంద్రాకారంలో ఉందా? అది లెన్సు నీడ. కాకపోతే లెన్సు ముందు బిగించిన హుడ్ నీడ. వెయ్యేళ్ళ కింద బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్, చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా దీపాల వెలుగు పంపి, కాంతి తిన్నగానే పోతుందని చూపించాడు. మధ్యలో హుడ్ అడ్డొస్తే కాంతి దాని చుట్టూ వంగి రాదు. హుడ్ తీసేయండి. నీడ పోతుంది. అంతే.

ఇప్పుడు మూడో ఆకారం. దీనికి గీతా లేదు, గుండ్రమూ లేదు. ముందు వరస తెల్లగా పాలిపోయి ఉంటుంది. రెండో వరస బాగుంటుంది. వెనక వరస చీకట్లో ఉంటుంది. మెల్లగా, మెట్టు మెట్టుగా తగ్గే వెలుగు. మన గ్రూపు ఫొటోల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే చూశారా? చెంబులోంచి చేత్తో నీళ్ళు విసిరితే, కాళ్ళ దగ్గర మడుగు కడుతుంది. నాలుగడుగుల అవతల తడి. గేటు దగ్గర చుక్కలు. నీళ్ళు అవే. దూరం పోయే కొద్దీ పరుచుకుని పలచబడతాయి. ఫ్లాష్ వెలుగు కూడా అంతే. దూరం రెండింతలైతే వెలుగు సగం అవుతుందనుకుంటాం. సగం కాదు, పావు వంతే మిగులుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు.

దీన్ని మన గ్రూపు ఫొటోకు వర్తింపజేసి చూద్దాం. ఫ్లాష్ నుంచి ముందు వరస 2 మీటర్ల దూరంలో ఉంది. వెనక వరస 4 మీటర్ల దూరంలో ఉంది. ముందువాళ్ళకు అందిన వెలుగులో వెనకవాళ్ళకు పావు వంతే అందింది. ఫ్లాష్ బలం ఎంత పెంచినా ఈ లెక్క మారదు. వెనకవాళ్ళతో పాటు ముందువాళ్ళకూ పెరుగుతుంది. వాళ్ళ మొహాలు ఇంకా పాలిపోతాయి. అందుకని బలం సంగతి వదిలేసి, మీరూ ఫ్లాషూ వెనక్కి నడవండి. ముందు వరసకు 6 మీటర్ల దూరంలో నిలబడండి. ఇప్పుడు వెనక వరస 8 మీటర్లు. వెనకవాళ్ళకు అందే వెలుగు సగానికి పైనే. అవే వరసలు, అదే ఫ్లాష్. దూరం మారేసరికి తేడా తగ్గిపోయింది.

ఇక్కడ చాలామందికి అనుమానం వస్తుంది. వెలుగు చాలడం లేదు, ఇంకా దగ్గరికి రావాలి కదా, వెనక్కి పోతే ఇంకా చీకటి కాదా అని. మొత్తం వెలుగు తగ్గే మాట నిజమే. దానికి ఐఎస్‌ఓ 400కో 800కో పెంచండి. కావాలంటే అపర్చర్ కాస్త తెరవండి. తగ్గిన వెలుగును అలా పూడ్చుకోవచ్చు. ముందుకూ వెనక్కూ ఉన్న తేడాను మాత్రం దూరంతోనే సరిచేయాలి. ఇంకో పని కూడా చేయవచ్చు. ఫ్లాష్‌ను స్టాండు మీద తల కన్నా బాగా ఎత్తుకు లేపి, వెనక వరస మొహాల వైపు తిప్పండి. ఎత్తు మీంచి చూస్తే ముందు వరసకూ వెనక వరసకూ దూరంలో తేడా తగ్గుతుంది. పైగా వెలుగు ముమ్మరంగా పడేది వెనకవాళ్ళ మీద. అంచు మాత్రమే ముందువాళ్ళ మీద పడుతుంది.

మరుసటి ఏడు బతుకమ్మకు నేను చేసింది ఇదే. స్పీడు 125. ఫ్లాష్ జూమ్ 24. హాలు వెనక గోడకు నా వీపు ఆనేదాకా వెనక్కి నడిచాను. "అంత దూరం పోతే మేం కనబడతమా అన్నా?" అని నవ్వారు. ఆ ఫొటోలో కింద కూర్చున్న పిల్లల కాలి పట్టీలు కూడా కనబడుతున్నాయి. ఒక బతుకమ్మ అంచున కాగితం పువ్వు రేకు ఒకటి ఊడి వేలాడుతోంది. అది కూడా పడింది.

దూరం పోవడానికి చోటు లేని గదులు ఉంటాయి. మన ఫ్లాట్లు ఎక్కువగా అలాంటివే. అక్కడ ఫ్లాష్ తల పైకెత్తండి. వెలుగు తెల్లటి సీలింగ్‌కు తగిలి కిందికి దిగుతుంది. దీన్నే బౌన్స్ అంటాం. సీలింగ్ మొత్తం ఒక పెద్ద దీపంలా మారుతుంది. ఇది ఎలా ఉంటుందో కళ్ళతో చూడాలంటే కార్నిష్ దగ్గర ఇస్లామిక్ కళల మ్యూజియానికి వెళ్ళండి. వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్ రూపకల్పన చేసిన ఆ మ్యూజియాన్ని 2008లో తెరిచారు. నడిమి హాల్లో నిలబడి తల పైకెత్తండి. శిఖరాన ఒక గుండ్రటి కన్నం. దాని కింద పలకలు పలకలుగా లోహపు గుమ్మటం. ఎండ నేరుగా మన నెత్తి మీద పడదు. పలక నుంచి పలకకు తగిలి, మెత్తబడి దిగుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా కాసేపు ఆ నేల మీద వెలుగే చూస్తూ ఉండిపోతాను.

బౌన్స్‌లోనూ జాగ్రత్త ఉండాలి. ఫ్లాష్ తల సగమే ఎత్తితే, కొంత వెలుగు నేరుగా పోయి పొడుగ్గా ఉన్నవాళ్ళ నుదుట తగులుతుంది. పూర్తిగా పైకెత్తండి. వెనక్కి కాస్త వాల్చినా మంచిదే. సీలింగ్ నల్లగా ఉంటే వెలుగును మింగేస్తుంది. రంగు వేసి ఉంటే ఆ రంగు మొహాల మీదికి దిగుతుంది. పచ్చటి సీలింగ్ కింద తీస్తే అందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటుంది. మరీ ఎత్తైన హాళ్ళలో వెలుగు పైకి వెళ్ళి తిరిగి రాదు. అక్కడ నేరుగానే వేసి, వెనక్కి నడవడమే దారి.

ఇంకో రకం ఉంది, దాన్ని త్వరగా చెప్పేస్తాను. ఒక్క ఫొటోలో తేడా ఉండదు. ఒక ఫొటో వెలుగు, తర్వాతది చీకటి, మళ్ళీ వెలుగు. ఇది సెల్సు పని. ఫ్లాష్ వెనక చిన్న దీపం వెలిగినా లోపల కరెంటు పూర్తిగా నిండి ఉండకపోవచ్చు. దీపం వెలిగాక ఇంకో రెండు సెకన్లు ఆగండి. నాలుగు సెల్సూ ఒకే రకం, ఒకే వయసువి వేయండి. అప్పటికీ తేడా వస్తుంటే, కెమెరా తనంతట తాను వెలుగు లెక్క కట్టుకునే టీటీఎల్ పద్ధతి మోసపోతోందని అర్థం. తెల్లటి థోబ్ వేసుకున్న అతిథి ఫ్రేములో ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నల్లటి అబాయా ఉంటే, తక్కువైందనుకుని పెంచేస్తుంది. అందరూ ఒకే చోట నిలబడే గ్రూపు ఫొటోకు ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టుకోవడం మేలు. అతిథులను తీసే ముందు ఒక్క మాట అడిగి తీయడం మరిచిపోకండి.

ఫ్లాష్‌తో సంబంధం లేనిది ఇంకొకటి. ఆగస్టులో ఏసీ కారులోంచి దిగగానే తీస్తే ఫొటో అంతా తెల్లగా మసకబారుతుంది. దానికి ఆకారం ఉండదు. అది ఉక్కకు చల్లటి లెన్సు మీద పట్టిన ఆవిరి. తుడవకండి. కెమెరాను సంచిలోనే ఉంచి, అరగంట ముందే సంచిని ఆ వేడికి అలవాటు చేయండి.

ఇన్ని చెప్పాను. పండుగ రోజు హడావిడిలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? అందుకే ఒక చిన్న అలవాటు చేసుకోండి. జనం రాకముందే హాలుకు వెళ్ళండి. ఒక ఖాళీ తెల్ల గోడ చూసుకోండి. దానికి మూడు మీటర్ల దూరంలో నిలబడండి. ఆ సాయంత్రం ఏ లెన్సు వాడబోతున్నారో అదే బిగించండి. ఏ స్పీడు వాడబోతున్నారో అదే పెట్టండి. ఫ్లాష్‌ను నేరుగా గోడ వైపు తిప్పి, మాన్యువల్‌లో తక్కువ బలం పెట్టి, ఒక్క ఫొటో తీయండి. తర్వాత ఫ్లాష్ ఆపేసి, గోడ బాగా కనబడేలా ఇంకో ఫొటో తీయండి.

రెండూ కెమెరా తెర మీద చిన్నగా పెట్టి, కళ్ళు సగం మూసి చూడండి. తిన్నని గీత ఉందా? స్పీడు దించండి. మూలలు చీకటిగా ఉన్నాయా? ఫ్లాష్ జూమ్ చూడండి. ఫ్లాష్ లేని ఫొటోలో కూడా మూలలు అలాగే ఉంటే అది లెన్సు గుణం, ఫ్లాష్‌ది కాదు. కింద అర్ధచంద్రం ఉందా? హుడ్ తీయండి. గోడ అంతా సమంగా ఉందా? అయితే ఫ్లాష్ బాగుంది. ఇక చూసుకోవాల్సింది వరసల దూరం ఒక్కటే. ఇదంతా రెండు నిమిషాల పని.

హాల్లో తెల్ల గోడ లేదంటారా? చాలా హాళ్ళలో ఉండదు. గోడల నిండా బ్యానర్లే. నేను కెమెరా సంచిలో ఒక తెల్లటి పంచె మడిచి పెట్టుకుంటున్నాను. ముందుగా వచ్చిన ఇద్దరు తమ్ముళ్ళను చెరో కొసా పట్టుకోమంటాను. గట్టిగా లాగి పట్టుకోమని చెప్పండి. ముడతలుంటే ఆ నీడలు చూసి మళ్ళీ కంగారు పడతారు.